మీకు తెలుసా? ఓడ ప్రయాణంలో పుట్టిన బ్రిడ్జి

ప్రపంచమంతా ఇప్పుడు ఆడుతున్న కాంట్రాక్ట్ బ్రిడ్జి అనే పేకాట ఒక ఓడ మీద రూపుదిద్దుకుంది. 1925 శరదృతువులో అమెరికా సంపన్నుడు హెరాల్డ్ వాండర్‌బిల్ట్, ముగ్గురు మిత్రులతో కలిసి 'ఫిన్లాండ్' అనే ఓడలో లాస్ ఏంజెలెస్ నుంచి పనామా కాలువ మీదుగా హవానాకు బయల్దేరాడు. దారిలో తాను ఆలోచించి పెట్టుకున్న కొత్త లెక్కల పద్ధతిని వాళ్లతో ఆడించి చూశాడు.

అంతకుముందు ఆక్షన్ బ్రిడ్జిలో తక్కువ పట్లు గెలుస్తామని పాడి ఎక్కువ గెలిచినా, అవన్నీ గేముకు కలిసేవి. కొత్త పద్ధతిలో పాడిన పట్లకే గేము లెక్క. అదనంగా వచ్చినవాటికి కొద్దిపాటి పాయింట్లు మాత్రమే. ఈ నియమం ఫ్రాన్స్‌లోని ప్లాఫాన్ ఆటలో ముందే ఉంది. అప్పటికే ఒక గేము గెలిచిన జట్టు పాట తప్పితే జరిమానా పెంచడం, స్లామ్‌లకు (13 పట్లలో 12 లేదా మొత్తం 13 పాడి గెలవడానికి) పెద్ద బహుమతులు ఇవ్వడం వాండర్‌బిల్ట్ చేర్పులు. ఆటకు ప్రాణం పోసింది అవే. ధైర్యంగా పాడాలా, ఆగాలా అన్న ఉత్కంఠ అక్కడే మొదలవుతుంది. కొద్ది ఏళ్లలోనే పాత ఆట మరుగున పడిపోయింది.

ఓడలంటే ఆయనకు ఎంత మక్కువంటే, 1930, 1934, 1937లలో అమెరికాస్ కప్ తెరచాప పడవల పోటీనీ గెలిచాడు!

బ్రిడ్జిలో ఒక ఆటగాడి చేతికి రాగల 13 ముక్కల కూర్పులు 63,501 కోట్ల 35 లక్షల 59 వేల 600. తోడు ముగ్గురుంటే చాలు, ఎంత దూర ప్రయాణానికైనా ఒక్క పేక కట్ట సరిపోతుంది.