కోనసీమ తేమలో యాక్రిలిక్ అతుకు

కొత్తపేట మండలం పలివెల వంటి గ్రామాలలో పెరటిలో అలంకార చేపలను పెంచదలచినవారు వడపోత పెట్టెలను, గప్పీ పిల్లలను వేరుచేసే అరలను యాక్రిలిక్ షీటుతో ఇంటివద్దనే తయారుచేసుకోవచ్చును. వీటిలో షీటు పగలడం అరుదు, విడిపోయేది అతుకే. రాత్రివేళ వడపోత పెట్టె అతుకు విడిపోతే నీరు కారిపోయి పంపు ఎండిపోతుంది. తెల్లవారేసరికి ప్రాణవాయువు చాలక చేపలు మరణించవచ్చును.

గాజు తొట్టెలకు అలవాటైన సిలికోన్ యాక్రిలిక్‌ను గట్టిగా పట్టుకోదు. దీనికి కావలసినది జిగురు కాదు, ద్రావకం. డైక్లోరోమీథేన్ వంటి ద్రావకం రెండు అంచులను మెత్తబరచగా, వాటి దీర్ఘ అణుశృంఖలాలు ఒకదానిలోనికి మరొకటి చొచ్చుకుపోతాయి. ద్రావకం ఆవిరైన పిదప మిగిలేది ఒకే పదార్థం. నీరువలె పలుచనైన ఈ ద్రావకం సందులను పూడ్చలేదు. కనుక రంపపు గాట్లు పోయేలా అంచును సమతలంగా చదునుచేయాలి. చేతితో రుద్దినప్పుడు మూలలు గుండ్రబడటమే సామాన్యంగా జరిగే పొరపాటు. అంచుకు మంటతో మెరుగుపెట్టడం మరొక పొరపాటు. ఆ వేడివల్ల లోపల నిలిచిన ఒత్తిడి, ద్రావకం తగిలినంతనే సన్నని పగుళ్లుగా బయటపడుతుంది.

ముక్కలను కదలకుండా నిలిపి, సూది గల సిరంజితో ద్రావకాన్ని అతుకు వెంబడి వదిలితే కేశనాళికా చర్యవల్ల అదే లోనికి పాకుతుంది.

కోనసీమలో అసలు చిక్కు గాలిలోని తేమ. డైక్లోరోమీథేన్ మరుగు ఉష్ణోగ్రత సుమారు 40 డిగ్రీల సెల్సియస్ మాత్రమే. అది వేగంగా ఆవిరవుతూ అతుకును చల్లబరుస్తుంది. ఆ చల్లదనానికి గాలిలోని తేమ అక్కడే నీరుగా చేరి అతుకు పాలవలె తెల్లబడుతుంది. అటువంటి అతుకు బలహీనమైనది. వానాకాలంలో, తెల్లవారుజామున ఈ పని తగదు. మధ్యాహ్నం తేమ తగ్గుతుంది గాని, వేసవిలో ఆ వేళ ఎండకు ద్రావకం లోనికి పాకకముందే ఆరిపోతుంది. డిసెంబరు, జనవరి మాసాల మధ్యాహ్నమే ఇక్కడ అనుకూలం. ఆగలేనివారు నెమ్మదిగా ఆవిరయ్యే ద్రావక మిశ్రమాన్ని ఎంచుకొనవలెను.

అతుకుపై భారాన్ని నిర్ణయించేది ముఖ్యంగా నీటి ఎత్తు. 60 సెంటీమీటర్ల పొడవు గల గోడకు 30 సెంటీమీటర్ల ఎత్తున నీరు నింపితే దానిపై పడే భారం సుమారు 27 కిలోలు; ఎత్తును రెట్టింపు చేస్తే 108 కిలోలు. మొదటి ప్రయత్నానికి ఎత్తు తక్కువ పెట్టెయే మేలు.

డైక్లోరోమీథేన్ ఆవిరి గాలికంటె బరువైనది. పీల్చినప్పుడు శరీరంలో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. క్యాన్సర్ కారకం కావచ్చునని కూడ గుర్తించబడినది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2024లో దీని గృహ వినియోగాన్ని నిషేధించింది. మూసిన గదిలో వాడరాదు. గాలి బాగా వీచే వసారాలో, పిల్లలకు దూరంగా పని చేయాలి. సాధారణ రబ్బరు చేతితొడుగుల గుండా ఇది కొద్ది నిమిషాలలోనే చొచ్చుకుపోతుంది.

అతుకు కొద్ది నిమిషాలలో పట్టుకున్నట్లు కనిపించినా, పూర్తి బలానికి రోజులు పడుతుంది. కనీసం రెండు రోజులు ఆరనిచ్చి, నీరు నింపి, కింద పొడి కాగితం పరచి ఒక రాత్రంతా గమనించాలి. ఆ నీటిని పారబోసి, వాసన పూర్తిగా పోయిన తరువాతనే చేపలను వదలాలి. తెల్లబడిన అతుకుపై మరల ద్రావకం పోయడంవల్ల ప్రయోజనం లేదు. ఆ అంచును కోసివేసి, చదునుచేసి, పొడిగాలి ఉన్న రోజున తిరిగి అతకవలెను.