రంగు చూసి సముద్రాన్ని చదవడం



ముప్పై ఏండ్లు డైయింగ్ సెక్షన్‌లో పని చేసినోణ్ణి. తొట్టిలో నీళ్ల రంగు చూస్తే చాలు, మందు ఎక్కువైందో తక్కువైందో చెప్పేస్తా. సముద్రాన్ని కూడా అట్లే రంగు చూసి చదువుతారని మనవడు చెప్తే మొదట నమ్మలేదు. వాడి చేత చదివించుకుని, పులికాటుకు పోయి జాలర్లను అడిగి తెలుసుకున్నది రాస్తా ఉన్నా.

1865లో ఇటలీలో సెక్కి అనే పాదిరి తెల్లటి పళ్లాన్ని తాడు కట్టి సముద్రంలోకి దింపినాడు. అది ఎంత లోతు దాకా కంటికి ఆనితే నీళ్లు అంత తేట. అట్లాంటి పళ్లెం ఇప్పటికీ వాడతారు.

1952లో అమెరికా నుంచి లాఫాండ్ అనే శాస్త్రవేత్త వాల్తేరుకు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చినాడు. అప్పట్లో ఓడ మీద పోయి, సీసాలు దింపి ఒక్కో లోతు నీళ్లు పట్టాల. తలకిందులయ్యే థర్మామీటరు ఒకటుంది. లోతులో తిరగబడగానే అక్కడి వేడి లెక్క అట్లే నిలిచిపోతుంది. ఓడ పోయిన చోటికే లెక్క, పోని చోటు సంగతి తెలీదు.

1999 మే 26న మన పులికాటు పక్కనే, శ్రీహరికోట నుంచి ఓషన్‌శాట్ ఉపగ్రహం ఎగిరింది. 720 కిలోమీటర్ల పై నుంచి సముద్రం రంగు చూసేది. నీళ్లల్లో కంటికి ఆనని పచ్చటి నాచు ఎక్కువుంటే రంగు మారుతుంది. నాచు ఉన్నచోటికి చేప మేతకొస్తుంది. ఆ రంగూ నీళ్ల వేడీ చూసి, చేపలు ఏ దిక్కున ఎంత దూరంలో ఉంటాయో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ జాలర్లకు చెప్తుంది. పులికాటులో ఒకాయన ఫోన్ తీసి నాకు చూపించినాడు.

అయితే పై నుంచి రంగు కనబడుతుంది గాని నీళ్లల్లో కరిగిన సీసం, పాదరసం కనబడవు. వాటికి ఇప్పటికీ సీసాలో నీళ్లు పట్టి పరీక్ష చెయ్యాల్సిందే. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం ఆ పని చేస్తా ఉంది.

ఈడ ఒక మాట ఒప్పుకోవాల. నేను పని చేసిన చోట రాత్రిపూట రంగునీళ్లు కాలవలోకి వదిలేవాళ్లు. వాల్వు తిప్పింది నా చెయ్యే. కాలవ ఏట్లో కలుస్తుంది. పూండి మీదుగా పోయే కొసస్తలై ఏరు ఎన్నూరు దగ్గర సముద్రంలో పడుతుంది. ఆడ వల వేసేవాళ్లూ మనలాంటి కూలోళ్లే.

సైన్సోళ్లు సీసా పట్టుకుని వచ్చేలోగా కాలవ రంగు మొదట చూసేది మనమే. ఇప్పుడు ఆ పనిలో ఉన్న బిడ్డలారా, చూసింది దాచొద్దండి. నేను దాచినాను. నాకది ఇంకా మనసులో నలుగుతానే ఉంది.