ఉడుత సాయం

సేతువు కట్టిన నాటి ఉడుత కథ తెలియని తెలుగువారుండరు. 2014 ఆగస్టులో, అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో మరో ఉడుత తన యజమానిని జగజ్జేతను చేసింది. దాని పేరు పచిరిసు. పోకెమాన్ అనే జపాను వీడియో ఆటలోని వందలాది వింతజీవులలో అదొకటి. ఎత్తు 40 సెంటీమీటర్లు, బరువు నాలుగు కిలోల లోపు.

ఈ పోటీలో ఆటగాడు ఆరు జీవులను తెచ్చి, నాలుగింటిని ఎంచుకొని, రెండేసి చొప్పున బరిలోకి దింపుతాడు. కొట్టే బలం లేని పచిరిసును ఆరితేరినవారు లెక్కచేసేవారు కారు. దక్షిణ కొరియా యువకుడు పార్క్ సే జున్ మాత్రం దానిని దెబ్బలు కాచుకోవడానికే తెచ్చాడు.

అతని అసలు యోధుడు గైరడోస్ అనే జలసర్పం. దానికి మెరుపంటే హడలు. అయితే పచిరిసు 'నా వెంట రండి' అనే విద్యను ప్రయోగిస్తే, శత్రువు దానికి గురిపెట్టిన దెబ్బ ఉడుత మీదికే మళ్లుతుంది. అది మెరుపు దెబ్బయితే మరీ మేలు! ఆ విద్యుత్తును మింగి ఉడుత తన ప్రాణశక్తిలో నాలుగో వంతు తిరిగి పొందుతుంది. బుగ్గలు రుద్ది శత్రువుకు తిమ్మిరెక్కించడం మరో విద్య. ఇక పంటికాటు ఎదుటివాని మిగిలిన శక్తిలో సరిగ్గా సగం హరిస్తుంది. కరిచేదాని బలంతో నిమిత్తం లేదు.

లోపం లేకపోలేదు. ఇద్దరినీ ఒకేసారి తాకే భూకంపం వంటి దెబ్బను ఉడుత మళ్లించలేదు. పైగా మెరుపు జాతికి నేల దెబ్బ అసలే గిట్టదు. అటువంటి దెబ్బలు వేసే జీవులు నాటి బరిలో కొల్లలు. వాటి నడుమ ఉడుతను నిలపడానికి గుండెదిటవు కావాలి. పార్క్ నిలిపాడు, తుదిపోరులో అమెరికా ఆటగాడు జూడీ అజరెల్లీని ఓడించాడు.