మక్తల్ మూలబిందువైతే

మూలబిందువు నుంచి ఒక సరళరేఖకు దూరమెంత అని అడిగితే, ఇంటర్ ఫస్టియర్ 1బీ చదివిన ఎవరి చెయ్యైనా నేరుగా సూత్రం మీదికే పోతుంది. స్థిరపదం పైన, గుణకాల వర్గాల మొత్తానికి వర్గమూలం కింద. జవాబు వచ్చేస్తుంది. అది దేనికి జవాబో మాత్రం చాలాసార్లు ఆలోచించం. ఒక ఊరిని పట్టుకుని చూద్దాం.

మక్తల్‌ను (0, 0) అనుకోండి. తూర్పుకు ఎక్స్, ఉత్తరానికి వై, కొలత కిలోమీటర్లలో. ఈ ప్రాంతంలో ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కి.మీ., ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 107 కి.మీ. ఆ లెక్కన మహబూబ్‌నగర్ దాదాపు (50, 26) దగ్గర, రాయచూరు (−18, −32) దగ్గర పడతాయి. మక్తల్‌కు ఏది దగ్గర? వర్గమూలం కట్టే పని లేదు. వర్గాల మొత్తాలు 3176, 1348. రాయచూరే దగ్గర. పరీక్షలో పోలిక అడిగినప్పుడు ఇంతవరకు చాలు.

మహబూబ్‌నగర్ నుంచి రాయచూరు పోయే హైవే మక్తల్ మీదుగానే పోతుంది. మరి ఆ రెండు ఊళ్ళను స్కేలు పెట్టి కలిపితే ఆ గీత మక్తల్ గుండా పోతుందా? పోదు. దాని సమీకరణం 29 ఎక్స్ − 34 వై = 566. స్థిరపదం సున్నా కాదు కాబట్టి మూలబిందువు దాని మీద లేదు. 566ను 1997 వర్గమూలంతో భాగిస్తే దూరం 12.7 కి.మీ.

ఈ 12.7 ఏమిటి? మక్తల్ కేంద్రంగా చిన్న వృత్తం గీసి, మెల్లగా పెంచుతూ పోండి. అది గీతను మొట్టమొదట తాకినప్పటి వ్యాసార్థమే ఇది. తాకిన చోటు లంబపాదం, సుమారు (8, −10). అంటే మక్తల్‌కు ఆగ్నేయంగా.

ఇక్కడే ఒక మెలిక ఉంది. సూత్రానికి అటూ ఇటూ అంతులేని రేఖ మాత్రమే తెలుసు. మన గీత మహబూబ్‌నగర్‌లో మొదలై (20, 0.4) దగ్గరే ఆగిపోయిందనుకోండి. సూత్రం అప్పుడు కూడా 12.7 అనే అంటుంది. కానీ లంబపాదం ఆ ముక్క మీద లేదు. అసలు జవాబు చివరి బిందువు దూరం, అంటే 20. కాబట్టి రేఖాఖండం అని కనబడితే ముందు లంబపాదం ఎక్కడ పడిందో చూసుకోవాలి.

ఇంకో ముచ్చట. రెండు ఊళ్ళ మధ్య తిన్నని దూరం 89.4 కి.మీ. మక్తల్ దగ్గర ఒక్క మలుపు తిరిగి పోతే 56.4, 36.7 కలిపి 93.1. దాదాపు 13 కి.మీ. పక్కకు వచ్చినా పెరిగింది నాలుగు కిలోమీటర్ల లోపే! కారణం పైథాగరస్. లంబపాదం నుంచి మహబూబ్‌నగర్‌కు 54.9 కి.మీ. అది భుజం, 56.4 కర్ణం, తేడా 1.5 మాత్రమే. రాయచూరు వైపు తేడా 2.2. పొడుగు భుజం పక్కన పొట్టి భుజం వర్గం కర్ణాన్ని పెద్దగా పెంచలేదు.

ఇక మీ వంతు. నారాయణపేటను (−2, 26) అనుకుని రాయచూరుతో కలపండి. ఆ గీత మక్తల్‌కు ఏ పక్కగా, ఎంత దూరంలో పోతుంది? సూత్రం ముట్టుకోకముందే బొమ్మ గీసి ఒక అంచనా రాసుకోండి. తర్వాత లెక్క చేసి సరిచూడండి.