రెండు ఆటల రామస్వామి

ఒక ఆటలో దేశం తరఫున నిలబడటమే పూర్వజన్మ సుకృతం అంటారు. రెండు ఆటల్లో నిలబడ్డవాణ్ణి ఏమనాలి? మన దేశంలో అలాంటివాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వారిలో ఒకరు మన తెలుగువాడు, కోటా రామస్వామి. 1922లో డేవిస్ కప్పు టెన్నిస్, 1936లో టెస్టు క్రికెట్. నడుమ పద్నాలుగేళ్ళు!

రామస్వామి 1896లో మద్రాసులో పుట్టాడు. తండ్రి బుచ్చిబాబు నాయుడు సామాన్యుడు కాడు. దొరల క్రికెట్ క్లబ్బులో మనవాళ్ళకు చోటులేని రోజుల్లో, 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్బు పెట్టి, మన కుర్రాళ్ళ చేతికి బ్యాటు అందించిన మనిషి. తల్లి వైపు తాతగారింటికి దత్తు పోవటంతో రామస్వామికి కోటా అనే ఇంటిపేరు వచ్చింది. ఇంటిపేరు మారిందే గాని ఆటల పిచ్చి మారలేదు. 1908లో తండ్రి పోయేనాటికి ఆ పిల్లవాడికి పన్నెండేళ్ళు. అప్పటికే అన్నలతోపాటు ఆటలో పడ్డాడు.

వెస్లీ హైస్కూలు, ప్రెసిడెన్సీ కాలేజీ, ఆ తరువాత కేంబ్రిడ్జి. అక్కడ టెన్నిస్‌లో పేరు మోగింది. 1922లో డేవిస్ కప్పులో రుమేనియా మీద ఫైజీతో జతగా డబుల్స్ ఆడి గెలిచాడు. స్వదేశం వచ్చి వ్యవసాయ శాఖలో ఉద్యోగంలో చేరాడు. ఇంకొకడైతే “మన ఆట ముగిసింది” అనుకుని పడక కుర్చీ వేసుకునేవాడు. ఈయన టెన్నిసూ వదల్లేదు, క్రికెటూ వదల్లేదు.

ఇక 1936 సంగతి. ఇంగ్లండు వెళ్ళిన జట్టుకు నాయకుడు విజయనగరం మహారాజకుమార్. జట్టులో సి.కె. నాయుడు ఉన్నారు. మన హైదరాబాదు సయ్యద్ మహమ్మద్ హాదీ కూడా ఉన్నారు. ఆయనా టెన్నిస్‌లో డేవిస్ కప్పు ఆడినవాడే, రంజీ ట్రోఫీలో మొట్టమొదటి శతకం కొట్టినవాడే. ఆ జట్టులోనే, నలభయ్యేళ్ళు నిండిన రామస్వామి!

మాంచెస్టరులో రెండో టెస్టు. తొలి ఇన్నింగ్స్‌లో మనవాళ్ళంతా కలిసి 203. అందులో ఈ ఎడమచేతి ఆటగాడివి 40. ఇంగ్లండు 571 కొట్టి కూర్చుంది. రెండో ఇన్నింగ్స్‌లో మర్చంటు, ముస్తాక్ అలీ మొదటి వికెట్టుకే 203 పరుగులు చేసి మానం కాపాడారు. రామస్వామి 60 కొట్టాడు. ఆట డ్రా అయింది. తరువాత ఓవల్ మైదానంలో 29, మళ్ళీ 41 నాటౌట్. మొత్తం రెండే టెస్టులు, 170 పరుగులు, సగటు 56 దాటింది. ఆపైన మరో టెస్టు ఆడే అవకాశమే రాలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, చెబుతాను. మెహిదీపట్నం నుంచి చేవెళ్ళ పోయే రోడ్డు మీద అజీజ్‌నగర్‌లో నేను పిల్లలకు ఆటలు నేర్పుతుంటాను. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె పొద్దున బాస్కెట్‌బాల్, సాయంత్రం సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. సాఫ్ట్‌బాల్ అంటే అమెరికా వాళ్ళ బేస్‌బాల్‌కు చెల్లెలనుకోండి. ఒకనాడు వాళ్ళ నాయన వచ్చి, “రెండు పడవల మీద కాళ్ళు పెడితే మునుగుతది సారూ. ఒక్కటి ఇడిసిపెట్టమని చెప్పుండ్రి” అన్నాడు. పక్కనే నిలబడ్డ పిల్ల నేల చూపులు చూస్తూ, “ఏది ఇడిసిపెట్టాలె నాయనా?” అంది. ఆ ప్రశ్నకు ఆయన దగ్గరా జవాబు లేదు, నా దగ్గరా లేదు.

రామస్వామి కలిగిన ఇంటి బిడ్డ, నిజమే. బూట్లు అరిగితే కొత్తవి కొనే స్తోమతు ఉంది. మా ఊరి పిల్లలకు ఆ భాగ్యం లేదు. తండ్రి భయం కూడా అబద్ధం కాదు, చదువుంది, ఖర్చుంది. కానీ బాస్కెట్‌బాల్‌లో నేర్చిన కాళ్ళ చురుకు సాఫ్ట్‌బాల్ పట్టేటప్పుడు పనికివస్తుంది. అక్కడ దూరం నుంచి విసిరిన చెయ్యి ఇక్కడ బంతి అందిస్తుంది. ఒళ్ళు నేర్చిన విద్య ఏ గదిలోనూ తాళం వేసి ఉండదు. పద్నాలుగేళ్ళకే ఒక తలుపు మూస్తే, ఏ తలుపు వెనక ఏముందో ఎవరికి తెలుసు? రామస్వామి చిన్ననాడే టెన్నిస్ ఒక్కటే చాలనుకుంటే మాంచెస్టరు లేదు. క్రికెట్ ఒక్కటే చాలనుకుంటే డేవిస్ కప్పు లేదు. ఆ మాటే ఆ తండ్రితో చెప్పాను. పదో తరగతి దాకా ఆగుదామని ఒప్పుకున్నాడు.

రామస్వామి తన జీవితకథ ఇంగ్లీషులో రాసుకున్నారు. దాని పేరులో తన్ను తానే ఆటల వ్యసనపరుణ్ణని చెప్పుకున్నారు. 1985 అక్టోబరులో, ఎనభై తొమ్మిదేళ్ళ వయసున, మద్రాసులో ఇల్లు వదిలి బయటికి వెళ్ళారు. మళ్ళీ తిరిగి రాలేదు. ఎంత వెతికినా జాడ దొరకలేదు. ఆయన ఆడిన ఆటల లెక్కలన్నీ పుస్తకాల్లో భద్రంగా ఉన్నాయి. మనిషి మాత్రం ఏమైనాడో ఎవరికీ తెలియదు.