వేన్నీళ్ల తొట్టి ఎక్కడ పెడదాం?

బుజ్జీ, డాలస్‌లో మీ పెరట్లోకి హాట్ టబ్ కొందామనుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. మంచి ఆలోచనే. మీ అత్తగారి మోకాళ్లకు కాసేపు హాయిగా ఉంటుంది. అసలీ తొట్టి కథ మొదలైందే కీళ్ల నొప్పి దగ్గర. ఇటలీ నుంచి కాలిఫోర్నియా వెళ్లి, పొలాల బావులకు పంపులు చేసి అమ్మిన జకూజీ అన్నదమ్ముల్లో కాండిడో అని ఒకాయన. ఆయన కొడుక్కి పసితనంలోనే కీళ్లవాతం పట్టుకుంది. స్నానాల తొట్టిలో పెడితే నీటిని సుడులు తిప్పే పంపొకటి ఆ పిల్లాడి కోసం తయారుచేశారు. 1956లో అది బజారుకొచ్చింది. పంపూ గొట్టాలూ తొట్టిలోనే అమర్చిన రకం 1968లో వచ్చింది. చేలకు నీళ్లు తోడిన బుర్రలే ఇది కూడా కనిపెట్టాయంటే నాకెంత ముచ్చటో!

మీ ఆయన ఇప్పటికే రంగులూ, సీట్లూ, లైట్లూ చూస్తున్నాడట. వాటిని కాస్త పక్కన పెట్టమని చెప్పు. ముందు చోటు తేలాలి. ఆ టబ్బులో ఉండబోయేది నీళ్లు. నీటి గుణమేమిటో తెలిస్తే ఏ మూల పెట్టాలో దానంతటదే తెలుస్తుంది.

బరువు నుంచి మొదలెడదాం. ఆరుగురు కూర్చునే టబ్బులో 400 గ్యాలన్లు పడతాయనుకో. అంటే 1,500 లీటర్లకు పైచిలుకు. లీటరు నీళ్లు కిలో తూగుతాయి కాబట్టి అక్కడికే 1,500 కిలోలు. ఖాళీ టబ్బు ఇంకో 400, ఆరుగురు మనుషులు మరో 400. మొత్తం 2,300 కిలోల బరువు ఏడడుగుల పొడవూ ఏడడుగుల వెడల్పూ ఉన్న జాగా మీద కూర్చుంటుంది. చదరపు అడుగుకు 100 పౌన్ల పైమాటే. మీ వంటింటి వెనక చెక్కతో కట్టిన డెక్ ఉంది చూడు, అలాంటివాటిని మామూలుగా చదరపు అడుగుకు 40 పౌన్ల బరువు మోసేలా కడతారు. విందుకొచ్చిన జనానికి అది చాలు, టబ్బుకు చాలదు. కాబట్టి డెక్ మీద మాట మరిచిపోండి. హైదరాబాదులో డాబా మీద పెట్టించుకుంటానంటున్న మీ బాబాయికీ ఇదే చెప్పాను. మన దేశంలో ఇళ్ల గదులకు కట్టే లెక్క చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు. ఈ టబ్బు 500 వేస్తుంది. స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం లేకుండా ముట్టుకోవద్దన్నాను.

నేల మీదే పెడదాం, సరే. అయితే ఏ నేల? మీ ఊరి మట్టిని చూస్తే నాకు మన నంద్యాల చేలే గుర్తొచ్చాయి. రెడ్ రివర్ నుంచి శాన్ ఆంటోనియో దాకా పట్టెలా సాగిన ఆ బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ నల్లరేగడే. అక్కడా పత్తి పండించారు, ఇక్కడా పత్తి పండిస్తున్నాం. మట్టి శాస్త్రజ్ఞులు రెండింటినీ వెర్టిసాల్స్ అనే ఒకే జాతిలో చేర్చారు. ఈ బంకమట్టిలో కంటికి కనపడనంత సన్నటి రేకులుంటాయి. వాన పడితే నీళ్లు రేకుల మధ్య దూరి వాటిని ఎడం చేస్తాయి. నానబెట్టిన శనగల్లా నేలంతా ఉబ్బుతుంది. ఎండాకాలం నీళ్లు పోగానే ముడుచుకుని నెర్రెలిస్తుంది.

చిత్రమేమిటంటే, ఇలాంటి నేలకు మీ టబ్బు బరువు ఒక లెక్కే కాదు. టబ్బు కిందికి నొక్కే బలం కంటే రేగడి ఉబ్బుతూ పైకి నెట్టే బలం ఎన్నో రెట్లు ఎక్కువ ఉండొచ్చు. నేలంతా సమానంగా లేచి సమానంగా దిగితే ఏ బాధా లేదు. ఒక పక్క తడిగా, ఇంకో పక్క పొడిగా ఉంటేనే ముప్పు. చూరు నీళ్లు పడే గొట్టం ఓ మూల, నేలలో తడి పీల్చే ఓక్ చెట్టు ఇంకో మూల ఉన్నాయనుకో. కాంక్రీటు పలక ఒకవైపు లేచి పగులుతుంది, టబ్బు ఒరుగుతుంది. దాని గుల్లకు అడుగంతా సమానంగా ఆని ఉండాలి; గాల్లో ఉన్న చోట నీటి బరువుకు వంగి చీలుతుంది.

అందుకని పెద్ద చెట్టుకూ, చూరు గొట్టానికీ దూరంగా ఉన్న చోటు చూడండి. పై మట్టి తీసేసి, ఉబ్బని మట్టి పొరలు పొరలుగా పోసి దిమ్మిస కొట్టించాలి. దాని మీద కంకర, ఆ పైన ఇనుప ఊచలతో ఒకే పలకగా కాంక్రీటు. నాలుగంగుళాల మందం అందరూ చెప్పే మాటే గానీ, రేగడిలో ఆ లెక్క అక్కడి ఇంజనీరు చేత వేయించండి. ఆ ఫీజు దగ్గర వెనకాడొద్దు. పలక రసమట్టానికి సరిగ్గా ఉండాలి, చుట్టూ నేలకు మాత్రం బయటికి వాటం ఇవ్వాలి. మూడు నాలుగు నెలలకోసారి టబ్బు ఖాళీ చేస్తారు కదా, ఆ 1,500 లీటర్లూ పునాది వైపు మళ్లకూడదు. పోసిన కాంక్రీటును కనీసం వారం రోజులు తడిగోనెలు కప్పి ఉంచాలి. లెక్క ప్రకారం దాని బలం చూసేది 28 రోజులకు. అన్నాళ్లూ ఆగండి.

గునపం వేసేముందు 811కి ఫోన్ చేయడం మరవొద్దు. అమెరికాలో అందరికీ ఉన్న వసతి ఇది, డబ్బులడగరు. మనుషులొచ్చి, కింద తీగలూ గొట్టాలూ పోయే చోట నేల మీద రంగులు కొట్టి వెళతారు: కరెంటుకు ఎరుపు, గ్యాసుకు పసుపు, మంచినీళ్లకు నీలం, మురుగుకు ఆకుపచ్చ. ఎంత చక్కటి ఏర్పాటో! మన ఊళ్లలోనూ ఇలాంటిదొకటి ఉండాలని నా కోరిక.

ఇక కరెంటు. దీని గురించి నేను రెండుసార్లు చెప్పినా విసుక్కోకు. టబ్బుకు 240 వోల్టుల లైను వస్తుంది. ఒక్కో తీగకూ భూమికీ మధ్య 120 వోల్టులు. తడిసిన ఒంటి నిరోధం వెయ్యి ఓమ్‌ల దాకా పడిపోవచ్చు. 120ని వెయ్యితో భాగిస్తే 120 మిల్లీయాంపులు. గుండె లయ తప్పడానికి అది చాలు. జీఎఫ్‌సీఐ అనే బ్రేకరు అయిదారు మిల్లీయాంపులు పక్కదారి పట్టగానే రెప్పపాటులో లైను తెంపేస్తుంది. అది లేకుండా టబ్బు పెట్టకూడదు. మెయిన్ తెంపే స్విచ్చు నీటికి అయిదడుగులైనా ఎడంగా ఉండాలి, అయినా టబ్బు దగ్గర నిలబడితే కనపడాలి. నీళ్లలో ఉన్నవాడి చెయ్యి అందకూడదు, పరుగెత్తుకొచ్చినవాడికి అందాలి. చుట్టుపక్కల ఇనుప వస్తువులన్నీ రాగితీగతో కలపాలి, నెత్తిన కరెంటు తీగలు పోకూడదు. సిటీ పర్మిట్ తీసుకుని, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి.

గాలి సంగతి చిన్నదే. అది తగిలితే నీళ్లు త్వరగా ఆవిరవుతాయి. లీటరు నీళ్లు ఆవిరైపోతూ పట్టుకెళ్లే వేడి మీ టబ్బు మొత్తాన్నీ దాదాపు 0.4 డిగ్రీలు చల్లార్చగలదు. ఉత్తరపు చలిగాలికి గోడ అడ్డం ఉన్న పక్క పెట్టుకుంటే కరెంటు బిల్లు తగ్గుతుంది.

చోటు విషయంలో నేను పట్టుబట్టేది ఇంకొకటుంది. వంటింటి కిటికీలోంచి టబ్బు కనపడాలి. అమెరికాకు విదేశాంగమంత్రిగా చేసిన జేమ్స్ బేకర్ మనవరాలు, ఏడేళ్ల పిల్ల, 2002లో హాట్ టబ్ అడుగున నీళ్లు లాగే రంధ్రానికి అతుక్కుపోయి ప్రాణం పోగొట్టుకుంది. ఆ తల్లి పోరాడింది. 2007లో ఆ పాప పేరుతోనే, అలా ఒంటిని పట్టేయని మూతలుండాలని చట్టం వచ్చింది. మీవాడికి ఇంకా నాలుగేళ్లు నిండలేదు. టబ్బుకు తాళం వేసే మూత, చుట్టూ నాలుగడుగులకు తగ్గని కంచె, దానంతటదే మూసుకునే గేటు మూడూ కావాలి. వాడినైతే అయిదేళ్లు దాటేదాకా అందులోకి దించొద్దు. పెద్దవాళ్లకైనా 104 ఫారన్‌హీట్ డిగ్రీలు మించకూడదు. అంత వేడిలోంచి లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి కాబట్టి మీ అత్తగారికి పట్టుకోను కమ్మీ, గరుకు కాంక్రీటు బాట, అడుగడుక్కీ వెలుతురు ఉండేలా చూడండి. ఆవిడ ముందు డాక్టరునడగాలి.

ఇంతా చేశాక టబ్బు పెరట్లోకి రావాలి కదా. దాన్ని పక్కకు నిలబెట్టి తోసుకొస్తారు. పక్క సందులో గ్యాసు మీటరూ, ఏసీ డబ్బా ఎంత బయటికొచ్చాయో, గేటు ఎంత వెడల్పో, చూరు ఎంత ఎత్తో ఈ ఆదివారం టేపు పట్టి కొలిచి నాకు పంపు.