వాకిట్లో నిలిచిన కారు

సిద్దిపేట చుట్టుప్రక్కల పల్లెలలో ఇప్పుడు వీధికొక కారైనా కనబడుతుంది. అన్నీ కొత్తవి కావు. హైదరాబాదులో ఐదారేండ్లో పదేండ్లో తిరిగి, చేతులు మారి, మన వాకిళ్లకు చేరినవి వాటిలో అనేకము. నంబరు పలక మీదనే వాటి పుట్టుక చదువుకొనవచ్చును. ఏ.పీ. 23 అని ఉంటే అది ఉమ్మడి మెదక్ జిల్లా నాటి బండి. టీ.ఎస్. 36 అని ఉంటే 2016 అక్టోబరులో సిద్దిపేట జిల్లా ఏర్పడిన తరువాత మనవద్దనే రిజిస్టరైనది. టీ.జీ. అని ఉంటే 2024 మార్చి తరువాతది. ఒకప్పుడు పల్లె కారు అనగా అంబాసిడరు, ఆ తరువాత మారుతి 800. ఈ రెండింటి తయారీయు 2014లోనే ఆగిపోయినది గాని, మారుతి 800 బండ్లు కొన్ని ఇంకను మన చేను దారులలో తిరుగుచునే ఉన్నవి.

కారు కొన్న కుటుంబములు పడే అవస్థలను చూచినప్పుడు ఒక సంగతి తెలియుచున్నది. పట్నపు కారు తిరిగి తిరిగి పాడగును. మన కారు నిలిచి నిలిచి పాడగును. పెట్రోలు ఖర్చుకు భయపడి ఆరు దినములు వేపచెట్టు క్రింద నిలిపి, ఆదివారము ఆరాధనకో, పెండ్లికో, సిద్దిపేట ఆసుపత్రికో తీస్తాము. “తిప్పని బండికి ఏమి రోగము?” అని మన నమ్మకము. ఎద్దు విషయములో అది నిజమో కాదో రైతులకు తెలుసు. కారు విషయములో మాత్రము నిజము కాదు.

మొదట బ్యాటరీ సంగతి చూడుడి. తాళము తీసివేసినను కారులో గడియారము, దొంగల భయమునకు పెట్టిన అలారము, తలుపుల రిమోటు మొదలైనవి కొద్దికొద్దిగా కరెంటు త్రాగుచునే ఉంటవి. కొత్త బ్యాటరీ దానిని కొన్ని వారములు ఓర్చుకొనును. మూడు నాలుగేండ్లు వాడినది ఓర్చుకొనలేదు. మన ప్రాంతపు ఎండ దాని ఆయుస్సును లోలోపల తినివేస్తుంది, చలికాలము వచ్చి ఆ బలహీనతను బయట పెడుతుంది. అందుకే ఏప్రిల్‌లో దెబ్బతిన్న బ్యాటరీ డిసెంబరులో, అదియును క్రిస్మస్ వేకువన అందరు కొత్త బట్టలు కట్టుకొని మెదక్ కెథడ్రల్‌కు బయలుదేరినప్పుడు చచ్చును. సెల్ఫ్ కొడితే టిక్కు టిక్కుమని శబ్దము తప్ప మరేమియు ఉండదు.

ఇక్కడ కొందరు చేయు పని ఒకటున్నది. వారానికొకసారి ఇంజను స్టార్టు చేసి, రెండు నిమిషములు ఉంచి ఆపివేస్తారు. బండికి మేలు చేసితిమి అనుకొంటారు. ఇంజనును లేపుటకు బ్యాటరీ ఒక్కసారి పెట్టిన శక్తి ఆ రెండు నిమిషములలో తిరిగి రాదు. వారమునకు ఒక్కసారియైనను అరగంటసేపు రోడ్డు మీద నడిపితేనే ఆ లోటు తీరును, టైర్లు కదులును, బ్రేకుల తుప్పు రాలును. అది కుదరని ఇండ్లవారు, నెలల తరబడి నిలుపవలసినప్పుడు, పది నంబరు పానాతో బ్యాటరీ నల్ల వైరును విప్పి ప్రక్కకు పెట్టవచ్చును. విప్పునప్పుడు నలుపు ముందు, బిగించునప్పుడు ఎరుపు ముందు. టెర్మినళ్ల మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకొంటే, వైర్లు విప్పి, తినే సోడా కలిపిన నీళ్లతో కడిగి తుడువవలెను. ఆ పొడి వలననే ఎందరో మంచి బ్యాటరీలను పారవేసి కొత్తవి కొనుచున్నారు. దుకాణదారుడు వద్దనడు గదా! కొనక ముందు ఓల్టు మీటరు పెట్టి చూపుమని అడుగుడి. రాత్రంతా నిలిచిన బ్యాటరీ 12.6 ఓల్టులు చూపితే నిండుగా ఉన్నట్లు, 12 దగ్గరకు వస్తే దాదాపు ఖాళీ అయినట్లు. ఇంజను నడుచుచుండగా పదునాలుగు ఓల్టుల దగ్గర చూపకపోతే తప్పు బ్యాటరీది కాదు, దానిని నింపే ఆల్టర్నేటరుది.

ఇంత వివరముగా వ్రాయుటకు కారణమున్నది. పల్లెలో కారు ఒక ఇంటివారిది మాత్రమే కాదు. రాత్రి పన్నెండు గంటలకు ప్రక్కింటి కోడలికి నొప్పులు వస్తే, పెద్దాయనకు గుండెలో పట్టుకొంటే, 108కు ఫోను చేసిన తరువాత జనము చూచేది ఆ వాకిట్లోని కారు వంకనే. ఆ గడియలో అది లేవకపోతే పదిమంది కలిసి తోయవలెను. గేరు బండియైతే రెండవ గేరులో వేసి, క్లచ్ త్రొక్కి, వేగము రాగానే వదిలితే లేవవచ్చును. ఆటోమేటిక్ బండి ఎంత తోసినను లేవదు. అట్టివారు డిక్కీలో జంపరు వైర్లు ఉంచుకొనుట మేలు. ఎర్ర వైరు చచ్చిన బ్యాటరీ ప్లస్‌కు, దాని రెండవ కొన మంచి బ్యాటరీ ప్లస్‌కు. తరువాత నల్ల వైరు మంచి బ్యాటరీ మైనస్‌కు, ఆఖరి కొన మాత్రము చచ్చిన బండి ఇంజనులో రంగులేని ఇనుముకు తగిలించవలెను. బ్యాటరీ మీదనే తగిలిస్తే, నిప్పురవ్వ లేచి అక్కడి గ్యాసు అంటుకొనే ప్రమాదమున్నది.

నిలిచిన బండికి రెండవ శత్రువు ఎలుక. కోతలైన తరువాత వడ్ల బస్తాలు, గడ్డివాము, కారు మూడును ఒకే కొట్టము క్రింద ఉంటే ఎలుకకు ఇంతకంటె సుఖమేమి కావలెను? బస్తాలో భోజనము, బానెట్ క్రింద వెచ్చని పడక, పండ్లు నూరుకొనుటకు వైర్లు. ప్రొద్దున చూస్తే మీటరు మీద ఎర్ర దీపము, పసుపు దీపము అన్నియు వెలుగును. పొగాకు కట్టలు పెట్టువారున్నారు, కలరా ఉండలు పెట్టువారున్నారు. వాటి ఘాటు కొన్నాళ్లకు పోవును, ఎలుక తిరిగి వచ్చును. గింజలకు దూరముగా నిలిపి, పగటిపూట బానెట్ ఎత్తి వెలుతురు తగులనిచ్చుట వాటికంటె నమ్మదగినది. స్టార్టు చేయుటకు ముందు బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టుడి. పిల్లి కూనలు, కోళ్లు కూడ అక్కడ చేరుచుండును.

హ్యాండు బ్రేకు విషయము చెప్పి ముందుకు పోదము. బండి కడిగి, బ్రేకు గట్టిగా లాగి పది దినములు వదిలితే వెనుక చక్రములు పట్టుకొని కదలవు. చదునైన చోట మొదటి గేరులో ఉంచి, చక్రములకు ఇటుకలు అడ్డుపెట్టి, బ్రేకు వదలి ఉంచితే సరి.

టైర్లను మన కుటుంబములు చూచే విధానము విచిత్రముగా ఉన్నది. అరిగినదా లేదా అని మాత్రమే చూస్తారు. తక్కువ తిరిగిన బండి టైరు అరుగదు గాని ముసలిదగును. టైరు ప్రక్కభాగమున చిన్న గుండ్రని గడిలో నాలుగంకెలుండును. 2318 అని ఉంటే 2018వ సంవత్సరము 23వ వారములో తయారైనదని అర్థము. సెకండ్ హ్యాండు కారు కొనునప్పుడు అమ్మువాడు “టైర్లు కొత్తగానే ఉన్నవి” అనును. ఆ అంకెలు చూడుడి, స్టెప్నీ మీద కూడ చూడుడి. గాలి ఎంత ఉండవలెనో డ్రైవరు తలుపు తీసినచోట చీటీ అంటించి ఉండును. అందులో ఇద్దరు ముగ్గురు ఎక్కితే ఒక లెక్క, నిండుగా ఎక్కితే ఒక లెక్క. మనమేమో ఐదుగురి బండిలో ఎనిమిదిమందిమి, పైన వంట పాత్రలు, ఒడిలో పిల్లలు. గాలి తక్కువై బరువు ఎక్కువైన టైరు మే నెల ఎండలో రాజీవ్ రహదారి మీద తొంబై వేగముతో పరుగెత్తితే లోపలనుండి కాగి పగులును.

ఆ ఎండలోనే రేడియేటరు సంగతియు బయటపడును. కూలెంటు పోయవలసినచోట ఖర్చు తగ్గించుటకు బోరు నీళ్లు పోయుట మన అలవాటు. మన బోరు నీటి ఉప్పు ఇంటి బిందె అడుగున ఎట్లు గట్టుగా పట్టునో, రేడియేటరు గొట్టములలోను అట్లే పట్టును. వేడి ముల్లు పైకి పోవుచున్నట్లు చూచిన వెంటనే ఏసీ ఆపి, బండిని ప్రక్కకు తీసి, ఇంజను ఆపవలెను. “ఊరు దగ్గరనే ఉన్నది, ఎట్లనో పోదము” అని నడిపితే ఇంజను హెడ్ వంగి, వందలలో పోవలసినది వేలలో పోవును. అరగంట చల్లారక ముందు రేడియేటరు మూత మాత్రము ముట్టవద్దు. లోపల ఒత్తిడితో ఉన్న మరుగు నీళ్లు ముఖము మీదికి చిమ్మును.

పెట్రోలును గురించి ఇప్పుడందరి ఫిర్యాదు ఒక్కటే, మైలేజీ తగ్గినదని. 20 శాతము ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 నాటికి బంకులన్నిటికి వ్యాపించినది. పాత ఇంజను కార్లకు మైలేజీ 6 నుండి 7 శాతము వరకు తగ్గవచ్చునని 2021లో నీతి ఆయోగ్ నివేదికయే అంచనా వేసినది. అనగా లీటరుకు 18 ఇచ్చు బండి 17 దగ్గరకు దిగవచ్చును. అంతకంటె చాలా తగ్గితే పెట్రోలును తిట్టుట మాని, టైర్ల గాలి, ఎయిర్ ఫిల్టరు చూపించవలెను. ఇథనాల్ తేమను పీల్చును గనుక, నెలల తరబడి నిలిపే బండిలో ట్యాంకు అడుగున కొద్దిపాటి పెట్రోలు మాత్రమే ఉంచుట మంచిది కాదు. ఆ ఇథనాల్ మన మక్కల నుండియు వచ్చుచున్నది. ధర కొరకు చూచు రైతుగా సంతోషించి, బంకు దగ్గర వాహనదారుడిగా నసుగుట ఒకే మనిషి చేయవలసి వచ్చుచున్నది!

మన జిల్లాకు ప్రత్యేకమైన బాధ ఇంకొకటి. రంగనాయక సాగర్, కొండపోచమ్మ సాగర్ 2020లోను, మల్లన్న సాగర్ 2022లోను ప్రారంభమైన తరువాత వరి బాగుగా పెరిగినది. పంట పెరిగినంతగా కల్లములు పెరుగలేదు. అందుచేత యాసంగి కోతలప్పుడు, మరల వానాకాలపు కోతలప్పుడు సగము రోడ్డు వడ్లదే. అంచులకు బండరాళ్లు, రాత్రి కప్పుటకు నల్ల కవర్లు. చీకటిలో నల్ల రోడ్డు మీద నల్ల కవరు ఎవరికి కనబడును? బ్రేకు వేస్తే గింజల మీద చక్రము జారును, మోటారు సైకిలువాడైతే ప్రాణమునకే ముప్పు. రైతు బాధ మనకు తెలియనిది కాదు, మనలో సగము మందిమి ఆ రైతులమే. కుప్ప ఎత్తిన సాయంత్రము ఆ రాళ్లను కూడ ఎత్తివేయుట, కవరు మీద తెల్ల సంచులు పరచుట, ఈ రెండు పనులకు ఖర్చు లేదు.

బండి ఆగినచోట రాళ్లు పెట్టి, బాగైన తరువాత వాటిని అక్కడే వదలి పోవు వాహనదారులు రైతును తిట్టుటకు అర్హులు కారు. కొత్త కారుతో ఇచ్చిన ఎర్ర త్రికోణము డిక్కీలో కవరు విప్పకుండ పడియుండును. బండి ఆగగానే నాలుగు లైట్లు మినుకుమినుకుమను బటను నొక్కి, ఆ త్రికోణమును బండికి చాలా దూరముగా వెనుక నిలిపి, పిల్లలను, ముసలివారిని బండిలోనుండి దింపి రోడ్డు దిగువకు పంపవలెను. ఎండగా ఉన్నదని కారులోనే కూర్చుండబెట్టుట ప్రమాదము. వెనుకనుండి వచ్చు లారీ మొదట తాకేది ఆ కారునే.

రోడ్డు ప్రక్కన మరియొక ప్రమాదము కూడ పొంచియుండును, అది ఆలుమగల మధ్య. “పోయిన వారమే చెప్పిన గద, సప్పుడు మారిందని!” అని ఆమె. “నీకేం దెల్సు బండి సంగతి?” అని ఆయన. విచారించి చూస్తే చాలాసార్లు ఆమె మాటయే నిజమై ఉండును. నడిపేవాని చూపు రోడ్డు మీద ఉండును. ప్రక్కన కూర్చున్నవారి చెవులు ఖాళీగా ఉండును. బ్రేకు నొక్కినప్పుడు కీచుమనుట, మలుపులో టకటకమనుట, కాలిన వాసన, ఇవి వారికే ముందు తెలియును. చెప్పిన దినమే మెకానిక్ షెడ్డుకు తీసికొనిపోయిన ఇంట బ్రేకు ప్యాడ్లతో పోవును; ఆలస్యము చేసిన ఇంట డిస్కులు కూడ మార్చవలసి వచ్చును.

ఇక అన్నిటికంటె బరువైన విషయము కాగితములది. “అన్నా, పొద్దుగాల కరీంనగర్ పోవాలె, బండి ఇస్తవా? పెట్రోలు మేమే పోపిచ్చుకుంటం” అని అడిగితే కాదనుట పల్లెలో కష్టము. ఇచ్చుటలో తప్పు లేదు. నడుపువానికి లైసెన్సు ఉన్నదా, ఇన్సూరెన్సు గడువు ఉన్నదా అని చూడకుండ ఇచ్చుట తప్పు. తెల్ల పలక సొంత బండిని కిరాయి తీసికొని పంపుచుండగా ప్రమాదము జరిగితే, పాలసీ షరతు మీరినారని కంపెనీ చెప్పగలదు. అప్పుడు నష్టపరిహారము భూమి అమ్మి కట్టవలసిన గతి పట్టవచ్చును.

సెకండ్ హ్యాండు బండ్లలో ఈ ముప్పు ఇంకను ఎక్కువ. డబ్బులిచ్చి, తాళములు, ఆర్.సి. తీసికొని ఇంటికి వస్తారు. పేరు మార్పించుట రేపు మాపు అని సంవత్సరములు గడచును. చట్టము ప్రకారము అమ్మినవాడు పదునాలుగు దినములలో, కొన్నవాడు ముప్పది దినములలో రవాణా శాఖకు తెలుపవలెను. దానికి 29, 30 నంబరుల ఫారములున్నవి. బ్యాంకు అప్పు మీద కొన్న బండియైతే, అప్పు తీరినదని బ్యాంకు ఇచ్చు కాగితము కూడ కావలెను. ఇన్సూరెన్సు సైతము కొన్నవాని పేరుకు మార్పించుకొనవలెను, లేనియెడల తన బండికి కలిగిన నష్టము తనకు రాదు. 2018 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు ఒక తీర్పులో, ఆర్.సి.లో పేరున్నవాడే చట్టము దృష్టిలో యజమాని అని తేల్చినది. ఆ కేసులో బండి అప్పటికే చేతులు నాలుగు మారియున్నను, బాధ్యత మొదటి పేరువాని మీదనే పడినది.

కాబట్టి మూడేండ్ల క్రిందట మీరు అమ్మిన పాత బండి ఇప్పుడు ఏ ఊరిలో, ఎవరి చేతిలో, ఎవరి పేరుతో తిరుగుచున్నదో ఒకసారి విచారించుడి. ఇంట చదువుకొన్న పిల్లలుంటే ఫోనులో పరివాహన్ యాప్ తెరచి నంబరు కొట్టమనుడి. ఇన్సూరెన్సు ఏ తేదీ వరకు ఉన్నదో అందులోనే కనబడును. పేరు ఇంకను మారలేదని తోస్తే, కొన్నవానిని వెంటబెట్టుకొని సిద్దిపేట రవాణా కార్యాలయమునకు పొండి. అతడు రాకపోతే, అమ్మిన దినమున వ్రాసికొన్న కాగితము తీసికొని మీరొక్కరైనను పొండి.